టీవీకెక్కిన ఆకాశరామన్న

సూళ్లూరుపేటలో టైటస్ ముప్పై ఏళ్లుగా దర్జీ. కుడిచేత్తో బట్టలు కత్తిరించేవాడు, ఎడమచేత్తో ఆకాశరామన్న ఉత్తరాలు రాసేవాడు. రాత ఎవరూ పోల్చుకోకూడదని ఎడమచెయ్యి. తపాలా ముద్ర పోల్చుకోకూడదని వెంకటాచలం దాకా బస్సెక్కి వెళ్లి డబ్బాలో వేసేవాడు. వాటి ధాటికి ముగ్గురు పాస్టర్లు బదిలీ అడిగారని, నాలుగో ఆయనకు రాత్రికి రాత్రే జుట్టంతా రాలిపోయిందని చెప్పుకుంటారు.

పోయినేడు చర్చిలో సంఘపెద్దను ఎన్నుకునే ఆదివారం దగ్గరపడింది. ఆ కుర్చీ కోసమే టైటస్ పదేళ్లుగా ముందు బెంచీలో కూర్చుని అందరికంటే గట్టిగా ఆమెన్ అంటున్నాడు. అడ్డు మగ్దలీనమ్మ ఒక్కతే, సండేస్కూల్ టీచరు.

ఇప్పుడు బస్సెక్కే పని లేదు, ఫోనుంది. చర్చి ఆన్‌లైన్ పేజీలో 'యథార్థవాది' అనే దొంగపేరు పెట్టుకున్నాడు. సొంత నెట్ వాడితే దొరికిపోతానని రైల్వే స్టేషన్ ఎదుట పెంచల్ టీకొట్టుకు వెళ్లాడు. అక్కడ వైఫై ఉచితం, పాస్‌వర్డ్ గోడమీదే రాసుంటుంది. ఊరందరూ వాడే వైఫైలో తననెవరు కనిపెడతారు?

ఫోను ఏదో అడిగింది. అది ఏమడిగినా చదవకుండా 'సరే' నొక్కడం టైటస్ పద్ధతి. నొక్కాడు. మూలబల్ల దగ్గర గోడకు ముఖం పెట్టి, లోకానికి వీపు చూపించి మొదలుపెట్టాడు: "మగ్దలీనమ్మ ప్రభువు బల్ల దగ్గర మిగిలిన ద్రాక్షరసం ఇంటికి పట్టుకెళ్తోంది..."

వెనక మాటలాగిపోయాయి. చెన్నై బండి వచ్చి వెళ్లిపోయింది. టీ తాగేవాళ్లలో ఒక్కరూ లేవలేదు.

"టైటసన్నా, సీసాలు సీసాలు అని ఎయ్. ఇంకా రంజుగా ఉంటాది," అన్నాడు పెంచల్.

"నేనేం రాస్తా ఉండానో నీకెట్ట తెలుసురా?"

"నాకేంది, బండెక్కాల్సినోళ్లు గూడా చదవతా ఉండారు. ఇట్ట తిరిగి చూడు సామీ."

తిరిగాడు. కొట్టులో పెద్ద టీవీ. అందులో క్రికెట్టు లేదు, తన ఫోనుంది. రెండూ ఒకే వైఫైలో ఉన్నాయి. ఇందాక 'సరే' అన్నది తెరను టీవీకి కలపడానికే. చూస్తుండగానే భార్య లిల్లీ పంపిన మెసేజ్ పైనుంచి జారింది: "యథార్థవాది గారూ, రాసేసినారా? వచ్చేటప్పుడు కరివేపాకు తెండి."

ఆదివారం మగ్దలీనమ్మకు చర్చంతా చేతులెత్తింది, లిల్లీతో సహా.

కొత్త పెద్ద చేసిన మొదటి పని, గేటు దగ్గర ఫిర్యాదుల పెట్టె పెట్టించడం. పేరు రాయనక్కర్లేదంది. తాళంచెవి టైటస్ చేతిలో పెట్టింది. "ఈ పనిలో మీకున్న అనుభవం ఇంకెవురికుందన్నా?"

ప్రతి ఆదివారం ఆరాధనయ్యాక టైటస్ అందరి ముందూ ఆ పెట్టె తెరిచి చూపించాలి. ఏడాదైంది. ఇంతవరకు ఒక్క కాగితమూ పడలేదు.