యూసుఫ్ ఉస్తాద్ అరచేయి

ఇది రాయాలని చాలా ఏళ్లుగా మనసులో ఉంది. రాయడం రాక ఆగిపోయాను. నాకు అక్షరాలు వచ్చింది తల నెరిశాక, మా వీధి ఆడవాళ్లకు సాయంత్రాలు చెప్పిన చదువులో. అంతకుముందు నేను నేర్చిందంతా చేతుల్లోనే ఉండేది. మొన్న గద్వాల బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ముందు నుంచి వస్తుంటే సోల్డరింగ్ పొగ ముక్కుకు తగిలింది. కాలిన గుగ్గిలం లాంటి వాసన. నా కాళ్లు ఆగిపోయాయి. "ఏం గావాలమ్మా?" అని దుకాణమాయన అడిగాడు. ఏమీ వద్దన్నాను. ఆ వాసన ఒకప్పుడు నాకు అన్నం పెట్టింది. ఆ అన్నం నాకు పెట్టించినవాడు యూసుఫ్ ఉస్తాద్.

మాది నేత ఇల్లు. మగ్గం మీద చీర కోసి దించాక, పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. వేళ్లకు బూడిద అద్దుకుని నేనే అతికేదాన్ని. దగ్గుతూ దగ్గుతూనే నా భర్త పోయాడు. మగ్గం మాది కాదు, షావుకారు విప్పించి తీసుకుపోయాడు. రాయచూరు రోడ్డులో బండ్లకు వైరింగ్ చేసి, టేపురికార్డర్లు, స్పీకర్లు బిగించే ఉస్తాద్ షాపులో ఊడ్చే పనికి కుదిరాను. కొన్నాళ్లకు ఆయన నా చేతిలో రెండు తెగిన తీగలు పెట్టాడు.

"నీ వేళ్లకు పోగు తెలుస్తది గద. ఇది గూడ పోగే. రాగిపోగు."

నేను ఒక జీపు తీగలన్నీ అతికి, మురిసిపోతూ చూపించాను. అతుకులన్నీ ఒకే వరసలో, పడుగు మీద ఉన్నట్టే ఉన్నాయి. ఆయన కత్తెర తీసుకుని మొత్తం కోసేశాడు.

"ఇది మగ్గం గాదమ్మా. అతుకులన్ని ఒక్కకాడ ఉంటే గతుకులల్ల ఒకదానికొకటి రాసుకుంటయి. మీది టేపు అరిగితే మంట అంటుకుంటది. ఒకటి ఈడ, ఒకటి ఆడ. మళ్ల చెయ్."

గొంతు పెంచలేదు. నేను ఏడుస్తూనే మళ్లీ చేశాను.

ఏ తీగ ఏ స్పీకరుదో ఆయన టేపు ముక్క మీద పెన్నుతో రాసి అంటించేవాడు. నాకు చదవరాదు. అందుకని నేను తీగకు నూలుపోగు చుట్టి ముడులు వేసుకునేదాన్ని. ముందటి ఎడమ స్పీకరు తీగకు ఒక ముడి, ముందటి కుడి దానికి రెండు. అది చూసి నవ్వి, "నీ రాత నువ్వే చదువుకో" అనేవాడు.

ఒక మధ్యాహ్నం ఒక తీగను వెలుతురుకు పట్టి, "నర్సమ్మా, ఇది పసుపా, తెలుపా?" అని అడిగాడు. నన్ను పరీక్షిస్తున్నాడనుకున్నాను. తర్వాత రోజూ అడిగాడు. షుగరు ఆయన కళ్లను తింటోంది. కర్నూలు దవాఖానలో చూపించుకుని వచ్చి, పోయిన చూపు రాదట అని మాత్రం చెప్పాడు.

"ఎవరికి చెప్పకు. గుడ్డోడు వైర్లు అతుకుతడంటే ఒక్క బండి రాదు."

అప్పటి నుంచి ఎవరైనా పక్కనుంటే రంగులను నాలో నేను గొణుక్కున్నట్టు పలికేదాన్ని. ఆయన చెవి ఇటు ఉండేది, ముఖం బండి వైపు ఉండేది. అలా ఆ షాపు మరికొంత కాలం నిలబడింది.

పెళ్లిళ్లకు వ్యాను తిప్పే శంకరయ్య వచ్చింది అప్పుడే. రాయచూరులో ఎవరిచేతనో దుమ్ముదుమ్మని మోగే పెద్ద ఊఫర్ స్పీకరు పెట్టె పెట్టించాడు. రాజోలికి పెళ్లివారిని తీసుకుపోతుంటే సీటు కింద నుంచి పొగ లేచిందట.

"అంత పీకెయ్ ఉస్తాద్. కంపెనీల ఎట్ల వచ్చిందో అట్ల గావాలె."

బ్యాటరీ నుంచి లావుపాటి తీగ నేరుగా సీటు కిందికి లాగి ఉంది. మధ్యలో ఫ్యూజు లేదు. రేకు అంచు మీద దాని తోలు ఎక్కడ అరిగిందో నా కళ్లకన్నా ముందు ఆయన వేలు కనిపెట్టింది. కంపెనీ తీగలను నడుమకు కోసి, అన్నిటికీ ఒకే రంగు ఎర్ర తీగలు కలిపారు. ఏది ఎక్కడికి పోతుందో తెలియదు. అది కనిపెట్టడానికి టార్చిలైటు సెల్లును నేను రెండు కొసలకు ఆనించేదాన్ని. స్పీకరు టక్కుమని, దాని నడుమ అట్ట బయటికో లోపలికో కదిలేది. ఉస్తాద్ దాని మీద అరచేయి పెట్టి కూర్చున్నాడు.

"బయటికి తన్నింది. సరిగుంది, అతుకు." తర్వాత దానికి, "ఇది లోపలికి పోయింది. కొసలు తిప్పు."

"ఎటు పోతే ఏంది ఉస్తాద్?" అని అడిగాను.

"ఒకటి బయటికి, ఒకటి లోపలికి తన్నితే పాట పలచబడ్తది. ఆలుమగలు చెరో దిక్కు గుంజినట్టు."

"నీకెట్ల తెల్సు?"

"నా పెండ్లయి ముప్పై ఏండ్లాయె, నాకు తెల్వదా?"

ఆ షాపులో మేం నవ్వుకున్న ఆఖరి రోజు అదే.

శంకరయ్య వచ్చి క్యాసెట్ పెట్టాడు. పాట రెండు పక్కల నుంచీ నిండుగా వచ్చింది. సంతోషపడి చాయ్ తెప్పించి, గ్లాసు ఆయనకు అందించాడు. నేను షాపులోపల పనిముట్లు సర్దుతున్నాను. తల తిప్పేసరికి ఉస్తాద్ చేయి గ్లాసు పక్కన గాలిలో వెతుకుతోంది. శంకరయ్య ఆ చేతినే చూస్తూ ఉన్నాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి, బండిలోంచి ఒక తీగను పైకి లాగాడు.

"ఉస్తాద్, ఇదేం రంగు?"

నేను నోరు తెరిచాను. "నువ్వు ఆగమ్మా. ఆయన్ని చెప్పనీ" అన్నాడు శంకరయ్య.

ఉస్తాద్ ఊహించి ఏదో ఒక రంగు చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పలేదు. "రంగు తెలుస్తలేదు. అతుకు మాత్రం గట్టిది" అన్నాడు.

"నీ మీద నాకు కోపం లేదు. ఆ పొగొచ్చిన్నాడు బండ్ల పసిపిల్లలున్నరు. నేనెట్ల నమ్మాలె, నువ్వే చెప్పు."

శంకరయ్య వ్యాను తోలుకుపోయాడు. వనపర్తిలో మా అతుకులన్నీ కోయించి మళ్లీ చేయించుకున్నాడని తర్వాత విన్నాను.

ఉస్తాద్ షట్టరు దింపమన్నాడు. "రేపట్నుంచి రాకు నర్సమ్మా."

"అతుకులు మంచియే గద ఉస్తాద్."

"మంచియే. వాని జాగల నేనున్నా బండి తోలుకపోతుంటి."

ఆయన మళ్లీ ఆ షాపులో పనికి కూర్చోలేదు. మరుసటి ఏడు వానలు పడకముందే కన్నుమూశాడు. వేరే షాపులవాళ్లు ఆడమనిషిని పనికి పెట్టుకోలేదు. నేను పత్తి విత్తనాల చేలకు కూలికి పోయాను. ఇప్పటికీ ఇంట్లో రేడియో మోగుతుంటే నా అరచేయి దాని మీదికి పోతుంది. తీగ తెగితే అతుకులు ఒకటి ఈడ, ఒకటి ఆడ వేస్తాను. తెలియనిది తెలియదనడం కూడా ఆయన నోటి నుంచే నేర్చుకున్నాను, అది ఆయనకు ఎంత నష్టమో కళ్లారా చూసి.

ఆయన నన్ను రావద్దన్న మరుసటి రోజు పొద్దున నేను మళ్లీ షాపుకు పోయాను. తాళంచెవి నా దగ్గరే ఉంది. బల్ల మీద ఒక పాత జీపు టేపురికార్డరు, దాని తీగల కట్ట ఉన్నాయి. తీగల మీద ఆయన రాసి అంటించిన టేపు ముక్కలు. వాటిని ఇక ఆయనా చదవలేడు, నేనూ చదవలేను. వాటిని ఒలిచేశాను. మునుపు నేను వేసిన ముడులను తడిమి చూసి, వదులైనవి బిగించాను. అన్నీ గంపలో పెట్టి, ఒక స్పీకరు, టార్చిలైటు సెల్లు కూడా వేసుకుని ఆయన ఇంటికి నడిచాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తీగల కట్ట ఒళ్లో పెట్టాను.

"రావద్దంటి గద" అన్నాడు.

ఆయన వేళ్లు తీగల వెంట మెల్లగా పోయి ఒకచోట ఆగాయి. ముడిని తడిమాయి. మళ్లీ తడిమాయి.

"ఒక్క ముడి. ముందటి ఎడమది."

నేను ఆ తీగను స్పీకరుకు తగిలించి, ఆయన అరచేయి తీసి దాని మీద పెట్టి, తీగ రెండో కొసకు సెల్లు ఆనించాను.