తప్పుల గోడ మీద టీచరు గారి పేరు

శనివారం పొద్దున్నే కుళాయి కింద బిందె పెట్టి నిలబడి ఉండగా ఫోన్ మోగింది. మా సత్యవేణి టీచరు గారు ఇక లేరని రాజమండ్రి ఆసుపత్రి నుంచి వాళ్ళ తమ్ముడు గారు చెప్పారు. "అబద్ధమండీ" అన్నాను. బిందె నిండి నీళ్ళు కాళ్ళ మీదుగా పారుతున్నా కుళాయి కట్టేయాలన్న స్పృహ లేదు. గురువారమే కదా నాతో మాట్లాడారు! "గుండె కాస్త మొండికేసింది మంగా, అంతే. సోమవారం బడికి వచ్చేస్తాను. గోడ మీద రాయించు" అన్నారు. నేను పిల్లల చేత రాయించాను కూడా.

ఆ గోడ గురించి చెప్పకుండా ఆ మహోపాధ్యాయిని గురించి చెప్పడం నా తరం కాదు.

నరసాపురం దాటి సముద్రం వైపు వెళితే మా పేట. అందరివీ వేట మీద బతికే కుటుంబాలే. మా ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులకు కలిపి ఒకటే గది. ఆ గదిలో నల్లరంగు పూసిన వెనక గోడే తప్పుల గోడ. ఏ ప్రయోగం చేసినా, చేసే ముందు ఏం జరుగుతుందో ప్రతి ఒక్కరూ ఊహించి, సుద్దతో ఆ గోడ మీద రాసి పేరు పెట్టాలి. అక్షరాలు రానివాళ్ళు బొమ్మ వేయాలి. ప్రయోగం అయ్యాక, నిజమైన ఊహను తడిగుడ్డతో తుడిచేయాలి. తప్పిన ఊహ మాత్రం ఉండిపోవాలి. అది చెరిగిపోకుండా దాని మీద టీచరు గారే కుంచె పట్టి తెల్లరంగుతో దిద్దేవారు. "నిజమైనదాంతో పని అయిపోయిందర్రా. తప్పినదాంతోనే ఇంకా పనుంది" అనేవారు. బడికి సున్నం వేయడానికి వచ్చిన మేస్త్రీలు మూడు గోడలు వేసి, నాలుగోదాని జోలికి పోకుండా డబ్బాలు సర్దుకునేవారు. ఆవిడతో పెట్టుకునేదెవరు?

ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి గారు గదిలోకి అడుగుపెట్టేసరికి పిల్లలు మూడు పచ్చి అరటికాయల చుట్టూ మూగి ఉన్నారట. ఒకటి ఎండలో, ఒకటి చూరుకు వేలాడదీసి, ఒకటి బియ్యం డబ్బాలో పెట్టి నాలుగో రోజు. "ఇది క్లాసాండీ, రావులపాలెం అరటిగెలల మార్కెట్టాండీ?" అని ఆయన గద్దించారు. ఈవిడ బెదరలేదు. "ముందు పండేది ఏదో మీరూ రాయండి సార్" అని సుద్దముక్క చేతికిచ్చారు. ఎండలోది అని ఆయన రాశారు. డబ్బా మూత తీస్తే గది గదంతా పండు వాసన. ఆయన సంతకం ఈనాటికీ మా గోడ మీద పదిలంగా ఉంది!

ఇక నా బతుకును మలుపు తిప్పిన రోజు. నేను రెండో తరగతి. మా నాన్న నన్ను ఈ బడి మాన్పించి కాన్వెంటులో వేయాలని టీసీ కోసం కాగితం రాయించుకుని వచ్చాడు. తోడుగా మా నాయనమ్మ పోలమ్మ, ఎండుచేపల తట్టతో. పేటలో అప్పటికే పదిమంది ఇదే ఆలోచనలో ఉన్నారు. మా నాన్న కాగితం ఇస్తే, వాళ్ళవీ వరసగా వచ్చి పడేవి. అప్పుడా గదిలో టీచరు గారూ, గోడా మిగిలేవారు.

"ఏంటండీ ఇది? ఆరు నెల్ల నించీ చూత్తన్నాను. పిల్లకి పద్యం రాదు, ఏబీసీడీలు రావు. నీళ్ళు, మట్టి, గుడ్లు! ఇంట్లో చేసేదీ అదే కదండీ" అన్నాడు మా నాన్న.

"తప్పకుండా తీసుకెళుదురు గాని, ఒక్క పది నిమిషాలు కూర్చోండి" అన్నారు టీచరు గారు.

బల్ల మీద వెడల్పు మూతి గాజు సీసాలు రెండు. ఒకదాంట్లో కాలవ నీళ్ళు, ఒకదాంట్లో సముద్రపు నీళ్ళు. కోడిగుడ్డు దేంట్లో తేలుతుంది? పిల్లలందరం రాశాం. మా నాన్న ఎదురుగా ఉన్నాడనేమో, ఆ రోజు టీచరు గారు కూడా రాశారు: 'సముద్రపు నీళ్ళలో తేలుతుంది – సత్యవేణి'. కాలవ నీళ్ళలో గుడ్డు మునిగింది. సముద్రపు నీళ్ళలో వేశారు. అదీ మునిగింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. మా నాన్న పకపకా నవ్వి, "టీచరు గారే ఫెయిలండి!" అన్నాడు.

ఆవిడ అంతకంటే గట్టిగా నవ్వారు. చెరపలేదు, సాకు చెప్పలేదు. కుంచె తీసి, మేమంతా చూస్తుండగా తన తప్పును తానే తెల్లరంగుతో దిద్దుకున్నారు. "ఎందుకు మునిగిందో నాకూ తెలియదు. ఎవరికైనా తెలుసా?" అని అడిగారు.

గుమ్మంలోంచి మా నాయనమ్మ, "సముద్రం ఉప్పు చాలదమ్మగోరూ. చేపలు ఊరేసే నీళ్ళకి గుడ్డు తేలేదాకా ఉప్పెయ్యాల. మా అమ్మ నేర్పింది" అంది.

టీచరు గారు లేచి, తన కుర్చీలో మా నాయనమ్మను కూర్చోబెట్టారు! గుప్పెడు గుప్పెడు ఉప్పు వేసి కలుపుతుంటే మేం లెక్కపెట్టాం. గుడ్డు కదిలింది, లేచింది, నీటిపైకి వచ్చి నెత్తి చూపించింది. గది దద్దరిల్లింది. ఆ అరుపుల్లో నేను, "మరి మన పడవ గుడ్డు కంటే బరువు కదా నాన్నా, కాలవలో ఎలా తేలుద్ది?" అని అడిగాను. ముప్పై ఏళ్ళుగా పడవ మీద బతికిన మనిషి బల్ల దగ్గరికి జరిగి, తేలుతున్న గుడ్డును వేలితో కిందికి నొక్కి చూశాడు.

"ఆ కాగితం ఇలా ఇవ్వండి" అన్నారు టీచరు గారు. ఇచ్చాడు. ఆవిడ దాన్ని పడవలా మడిచి, కాలవ నీళ్ళు పోసిన పళ్ళెంలో వదిలి, కల్లుప్పు రాళ్ళు ఒక్కొక్కటే వేయమన్నారు. నా టీసీ కాగితం బరువు మోస్తూ తేలుతుంటే, వంగి చూస్తూ మా నాన్న, "ఇంకోటెయ్యవే, ఆగుద్ది" అన్నాడు. ఇంకో కాగితం అడగలేదు. పేటలో ఇంకెవరూ అలాంటి కాగితం పట్టుకు రాలేదు.

ఆ పళ్ళెం ముందు నిలబడ్డ పిల్లనే ఇవాళ అదే గదిలో ఆవిడ పక్కన పంతులమ్మనయ్యాను. నేను తొందరపడి జవాబు చెప్పేసినప్పుడల్లా, "నీళ్ళు చెప్పనీ మంగా, నువ్వాగు" అని కసిరేవారు. ఇకపై నన్ను కసిరేవాళ్ళు లేరు. ఆ దుఃఖం దాచుకోను.

సోమవారం సంతాప సభ పెట్టమన్నారు. పెట్టలేదు. ఆవిడకు దండలూ ఉపన్యాసాలూ గిట్టవు. పిల్లలు తమంతట తామే గోడ ముందు చేరారు. అక్కడ సుద్దతో ఉంది: 'సోమవారం బడికి వస్తాను – సత్యవేణి టీచరు'. రెండో తరగతి దుర్గ తడిగుడ్డ పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ, "చెరపాలా, ఉంచాలా అండీ?" అని అడిగింది.

ఆ గదిలో ఆ ప్రశ్నకు జవాబు తెలియని పిల్లలు లేరు. నేను నోరు తెరవకముందే ఇరవై గొంతులు ఒక్కసారిగా, "ఉంచాలండీ!" అన్నాయి.

ఆవిడ కుంచె తీసి దుర్గ చేతికిచ్చాను. ఆనాటి గుడ్డు తప్పు పక్కనే, తెల్లరంగుతో, ఆ పేరును రెండోసారి దిద్దింది.