పద్నాలుగు మూరల సైకిలు చీర

నకిరేకల్‌లో మా ఇంటి గడప నుంచి నేను పాఠం చెప్పే ఆడపిల్లల బడి వాకిలి దాకా ఆరు మైళ్లు. నడిస్తే రెండు గంటల పది నిమిషాలు. నాయిన పాత సైకిలు మీద, దారిలో ఏ అడ్డూ రాకపోతే, ముప్పావు గంట. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా గంటా ఇరవై అయిదు నిమిషాలు. నా ఉద్యోగం ఉండడమా ఊడడమా అన్నది ఆ తేడాలోనే ఉంది.

అది నిజాం సర్కారు ఫసలీ లెక్కలో 1354, ఇంగ్లీషు లెక్కలో 1945. అమర్దాద్ నెలలో, అంటే జూన్‌లో, నన్ను తాత్కాలికంగా పంతులమ్మగా వేశారు. నాకు పందొమ్మిదేళ్లు. ప్రపంచ లడాయి (యుద్ధం) రోజులు కావడంతో నూలు కోటా మీద ఇస్తుండేవారు. నెలలో సగం రోజులు నాయిన మగ్గం ఊరికే ఉండేది. ఇంట్లో రోజూ పొయ్యి వెలిగేది నా జీతం వల్లనే. బడి ఉన్న ఊళ్లో ఉందామంటే, పెళ్లికాని ఒంటి ఆడపిల్లకు కిరాయికి జాగా ఇచ్చినవారు లేరు.

బడి గంట ఎనిమిదికి. చీకట్లో బయలుదేరడానికి నాయిన ఒప్పుకోలేదు. తెల్లవారి నడక మొదలుపెడితే గంటకు అయిదు నిమిషాల ముందు చేరేదాన్ని. రెండో వారంలో కాలికి తుమ్మముల్లు దిగింది. ఆరోజు పన్నెండు నిమిషాలు ఆలస్యం. ఆరోజే బడి చూడవచ్చిన ఆడబడుల ఇన్స్‌పెక్టరమ్మ పాలమూరు వైపు మనిషి, తెల్లచీర, చేతికి గడియారం. రిజిస్టరులో నా పేరు పక్కన ఎర్రసిరాతో గీత గీసి చెప్పింది: "మూడు గీతలైతే నీ జాగల ఇంకొకరొస్తరు. నేను చెప్పి చేసే మనిషిని."

నాయిన నాకు సైకిలు నేర్పింది ఆ వారంలోనే. అది మగవాళ్ల సైకిలు, మధ్యలో అడ్డకడ్డీ. నేర్చుకోవడం నాలుగు రోజుల పని. చిక్కంతా చీరతో వచ్చింది. పంతులమ్మలు పట్నం పద్ధతిలో కుచ్చిళ్లు పెట్టి కట్టే పన్నెండు మూరల చీర అది. అడ్డకడ్డీ మీద కాలు వేస్తే మోకాళ్లు బిగుసుకునేవి. దిగువ కుచ్చిళ్లు చెయిన్‌లో పడేవి. నాయిన కిరసనాయిలు డబ్బా రేకు కత్తిరించి చెయిన్‌కు మూత చేశాడు. దాని చప్పుడుకు దారిలో కుక్కలన్నీ లేచేవి గాని, చీర మాత్రం ఆగలేదు. సైకిలెక్కిన మూడో రోజున, బడికి ఇంకా మైలున్నర ఉందనగా, చెయిన్ నా చీరను జానెడు మింగి పట్టుకుంది. చింపుకొని, సైకిలు తోసుకుంటూ పోయేసరికి ఎనిమిది దాటి తొమ్మిది నిమిషాలు. ఆరోజూ ఇన్స్‌పెక్టరమ్మ వచ్చే ఉంది. రెండో గీత.

దర్జీని అడిగితే పైజామాకు కుట్టుకూలీయే రూపాయిన్నర అన్నాడు, బట్ట వేరే తెచ్చుకోవాలి. సర్కారు కంట్రోలు దుకాణంలో కోటా బట్ట లేదు. ఉన్నా పైజామాతో ఆ ఊరి బడికి పోయే ధైర్యం నాకు లేదు.

చినిగిన చీరను అవ్వ ఒళ్లో వేసుకొని చూసింది. అవ్వ అంటే నాయిన తల్లి, డెబ్బై దాటిన మనిషి. అప్పటికీ రాట్నం వదలలేదు.

"గోచి పెట్టి కట్టుకో బిడ్డా. రెండు కాళ్లు దేనికది ఉంటయి. కడ్డీ గాదు, గోడెక్కినా అడ్డం రాదు."

"గోచి పెట్టుకొని బడికి పోతె నాటుకొచ్చిన్ననుకుంటరు అవ్వా."

"అనుకోని. నాటేసెటోళ్లు తిండి పెడ్తున్నరు గద. నీ కుచ్చిళ్లేం పెడ్తున్నయే, చెయిన్‌కు తప్ప?"

నాయిన నవ్వాడు. నాకు కోపం వచ్చింది గాని, లెక్క వేస్తే అవ్వ మాటే నిలిచింది. అయితే గోచి చీరకు పద్దెనిమిది మూరలు కావాలి. అంత నూలు మా దగ్గర లేదు. అవ్వ నన్ను సైకిలెక్కి కూర్చోమని, గోడకు ఆనించి పట్టుకొని, తన మూరచేత్తో నడుము నుంచి పిక్క దాకా కొలిచింది. నిలబడ్డప్పుడు ఒక కొలత, పెడలు మీద మోకాలు పైకి లేచినప్పుడు ఇంకొకటి. చివరికి పద్నాలుగు మూరలు చాలన్నది. ఎత్తు పిక్క సగానికి. చెయిన్ వైపు అంచు ఉండకూడదు, అంచు మందం కాబట్టి ముందు అదే పళ్లలో పడుతుంది. మిగిలిన నూలుతో రెండు వేళ్ల వెడల్పు నాడాలు రెండు, చీలమండల దగ్గర కట్టుకోవడానికి. సుద్దముక్కలకు, రిజిస్టరుకు మెడలో వేసుకునే సంచి ఒకటి.

నూలు ఎక్కడిదంటే, చీర కోసిన ప్రతిసారీ మగ్గం మీద జానెడు పోగుల కొసలు మిగులుతాయి. అవ్వ వాటిని ఏళ్ల తరబడి కుండలో దాచింది. ఒక్కొక్క కొసనూ ఇంకొక కొసకు అతికించి పడుగూ పేకా చేసింది. ఎరుపు, నలుపు, బూడిదరంగు, ఏది చేతికొస్తే అది. కొన్నది రంగు పొట్లం, నాడాలకు కొక్కేలు, అంతే, పదకొండు అణాలు. అతుకుల నూలు మగ్గం మీద తెగకుండా ఉండాలంటే గంజి గట్టిగా పట్టించాలి. అవ్వ మామూలుకు రెండింతలు జొన్నగంజి పట్టించి, నాయిన మగ్గం మీద తనే నేతకు కూర్చుంది.

చీర మగ్గం మీంచి దిగేదాకా పది రోజులు నాయిన నన్ను వెనక కూర్చోబెట్టుకొని దించి వచ్చాడు. పదో రోజుకు ఆయన మోకాలు గుమ్మడికాయంత అయింది. ఆ మర్నాడే ఇన్స్‌పెక్టరమ్మ తనిఖీ. నన్ను ఖాయం చేయడమో, మూడో గీత గీయడమో ఆ రోజే.

తెల్లవారి అవ్వ కొత్తచీర మూలకు పసుపు పెట్టి నా చేతికిచ్చింది.

"ఒక్కసారి నీళ్లల్ల ముంచి ఆరేస్తె మెత్తగైతది గద అవ్వా?"

"కొత్తబట్టను ఉతికి కడ్తరా ఎవలన్నా? గంజి మెరుపుతోటి కట్టుకుంటేనే అది నేసినోని చెయ్యి. ఊరికె మాటలు చెప్పకు."

మా ఇళ్లలో అది కట్టుబాటు, ఎవరమూ తప్పలేదు. నేనూ తప్పలేదు. చీర రేకులాగా బిర్రుగా ఉంది. నడిస్తే పేపరు నలిపిన చప్పుడు.

ఏడుకు ఇంకా అయిదు నిమిషాలుండగా ఎక్కాను. ఆ అయిదు మైళ్ల సుఖం నాకిప్పటికీ గుర్తే. రెండు కాళ్లూ నావే. చెయిన్ తన పని తను చేసుకుంటోంది, నా జోలికి రావడం లేదు. పొలం గట్టు మీద నలుగురు ఆడవాళ్లు నడుము ఎత్తి చూశారు.

"ఓ పంతులమ్మా! నాటుకొస్తున్నవా? కూలి మాట్లాడుకున్నవా?"

"సాయంత్రం వస్తా, సగం మడి ఆపి పెట్టున్రి!" అని అరిచాను. వాళ్ల నవ్వు చాలా దూరం వినిపించింది.

ఆరో మైలులో వాన వచ్చింది. పెద్ద వాన కాదు, పది నిమిషాల జల్లు. రెండింతల గంజికి ఆ మాత్రం చాలు. ముందు చీర మెత్తబడింది, తరువాత జారుడుగా అయింది, తరువాత జిగురైంది. బడి ముందర దిగబోతే సీటు నన్ను వదల్లేదు. నేనూ సైకిలూ ఒక్కటిగా బురదలో ఒరిగాము. లేచేసరికి పక్కింటి బర్రె కట్టు తెంపుకొని వచ్చింది. జొన్నగంజి వాసన దానికి తెలియనిదా? నా పిక్క దగ్గర చీర అందుకొని నాకడం మొదలుపెట్టింది. నేను అడుగు వేస్తే అదీ వేసింది.

అప్పుడు చూశాను, బడి అరుగు మీద ఇన్స్‌పెక్టరమ్మ నిలబడి ఉంది.

"గా బర్రె నీ వెంబడి ఎందుకొస్తుందమ్మా?"

"గంజికమ్మా."

"గంజెక్కడున్నది?"

"నా చీరెల ఉన్నదమ్మా."

ఆమె గడియారం చూసింది. ఏడు యాభై రెండు. నా ప్రాణం అక్కడికి కొంచెం కుదుటపడింది గాని, ఆమె చూపు గడియారం మీంచి నా కాళ్ల మీదికి దిగింది.

"వేళకొచ్చినవు, అది సరే. గీ కట్టుతోటి పిల్లల ముందట నిలబడ్తవా? గోచి చెడ్డదంటలేను. మా అమ్మ కూడ గట్లనే కడ్తది. గని బడికొక తీరుంటది."

నేను మర్యాదగా చెప్పవలసింది చాలా ఉంది. కాని నోటికి వచ్చింది ఒక్కటే: "మూడు నిమిషాలియ్యున్రమ్మా."

తలుపు వెనక్కి పోయి గోచి తీశాను. పద్నాలుగు మూరలలో పన్నెండు మామూలు కట్టుకు పోగా మిగిలిన రెండూ నడుము దగ్గర దోపుకున్నాను. గంజి జిగురు పుణ్యాన కుచ్చిళ్లు పెట్టినవి పెట్టినట్టే నిలిచాయి. పిక్కలు దిగువన కొంచెం కనిపించాయి గాని, బయటికి వచ్చింది పంతులమ్మే.

ఇన్స్‌పెక్టరమ్మ మళ్లీ గడియారం చూసింది. "రెండున్నర. మళ్ల గోచి పెట్టు. ఎట్ల తొక్కుతవో నేను చూడాలె."

పదిహేడు మంది పిల్లలు గోడ పొడుగునా నిలబడ్డారు. నేను వాకిట్లో రెండు చుట్లు తిరిగాను. రెండో చుట్టులో బర్రె కూడా వెనక తిరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టి అరిచారు. ఇన్స్‌పెక్టరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, అటు తిరిగి, భుజాలు కదిలేలా నవ్వింది. ఇటు తిరిగేసరికి మళ్లీ ఇన్స్‌పెక్టరమ్మే.

పిల్లలచేత ఎక్కాలు చెప్పించింది, పలకలు చూసింది, తరువాత తనిఖీ పుస్తకం తెరిచింది. నన్ను దగ్గరకు పిలిచి తను రాసింది చదివి వినిపించింది: "పంతులమ్మ వేళకు ముందే వచ్చింది. దారిలో గోచి, బడిలో మామూలు కట్టు. అభ్యంతరం లేదు. ఖాయం చేయవచ్చు."

బండెక్కుతూ అన్నది: "గీ చీరె ఎవలు నేసిన్రు?"

"మా అవ్వ."

"నా కింద ఇంకో పంతులమ్మ రోజు నాలుగు మైళ్లు నడుస్తది. ఆమెక్కూడ ఒకటి నెయ్యమను. సైకిలు సంగతి నేను చూస్త."

సాయంత్రం ఇంటికి వచ్చి జరిగినదంతా చెప్పాను. నాయిన మోకాలికి కట్టిన గుడ్డ పట్టుకొని నవ్వాడు. అవ్వ మాత్రం ఖాయమైన సంగతి ఒక చెవితో విని, రెండో పంతులమ్మ ఎత్తెంత, కాళ్లు పొడుగా పొట్టియా అని అడిగింది. నాకు తెలియదన్నాను.

"పెద్ద పంతులమ్మవైనవు గని కొలత లేకుండ వస్తవా? రేపు పోయి కొలుచుకరా."

మర్నాడు శుక్రవారం, నిజాం సర్కారు సెలవు, బడి లేదు. ఉతికి ఆరేసిన చీర గోచి పెట్టి కట్టుకొని, కొలతతాడు సంచిలో వేసుకొని, నేనెప్పుడూ పోని ఆ రెండో పంతులమ్మ ఊరికి దారి అడుగుతూ బయలుదేరాను. అటు పది మైళ్లు, ఇటు పది మైళ్లు. ఆరోజు ఎవరూ నన్ను వేళ అడగలేదు.