వంకాయ రంగు సూటులో అయిదో మనిషి

ఆర్విల్ పెటవే 'ల్యాప్‌వింగ్స్' అనే పాటల బృందంలో చేరింది గొంతు బాగుండి కాదు, కోటు సరిపోయి.

1959లో ఉత్తర ఫిలడెల్ఫియాలోని ఒక లాండ్రీలో ఇస్త్రీ చేసేవాడు. ఒక శనివారం వాళ్ల అయిదు వంకాయ రంగు సూట్లు భుజాన వేసుకుని థియేటర్ వెనక గుమ్మానికి వెళ్తే, అక్కడ నలుగురే ఉన్నారు. అయిదోవాడు ఎల్మోర్‌ని ఆ పొద్దుటే సైన్యం పట్టుకుపోయింది. మేనేజరు టాలివర్ ఆర్విల్‌ని కళ్లతోనే కొలిచాడు.

"ఆ కోటు తొడుక్కో."

"నాకెందుకండీ?"

"తొడుక్కోవయ్యా! అబ్బ, పోత పోసినట్టుందే. పాడతావా?"

"చర్చిలో పాడతానండీ, వెనక వరసలో."

"ఇక్కడా వెనకే. వాళ్లు 'డూ' అన్నాక నువ్వు 'వా' అను, చాలు."

టాలివర్ లెక్కలో గొంతులు ప్రతి సందు చివరా దొరుకుతాయి. ఒకే తానులోని సూట్లు దొరకవు.

అలా 'వా' అంటూ రెండేళ్లు గడిచాయి. అయిదు గొంతులూ కలిసేచోట తన గొంతేదో తనకే తెలియకుండా పోయేది. ఆ ఒక్క క్షణం కోసం ఆర్విల్ ఊరందరి చొక్కాలూ ఇస్త్రీ చేసేవాడు, సూటు బిగుసుకుపోకుండా కడుపు మాడ్చుకునేవాడు. తల్లి ఓడెల్లా వేయించిన కోడీ, 'పై' అనే చిలగడదుంప తీపి వంటకమూ ముందు పెడితే కంచం పక్కకు నెట్టేవాడు. పాస్టరు గారింట పెళ్లిలో కేకు వద్దన్నాడని, వీడికేదో రోగం ఉందని చర్చి అంతా పాకిపోయింది.

ఇంతలో ఎల్మోర్ తిరిగొస్తున్నాడని కబురు. సైన్యంలో వంటవాడట.

"సూటు ఎవడికి పడితే వాడిదే చోటు," అన్నాడు టాలివర్.

రెండేళ్లు వంటింట్లో ఉన్నవాడు దున్నపోతై వస్తాడని ఆర్విల్ అంచనా. సూటు నడుము రెండంగుళాలు లోపలికి కుట్టేసి, తను పది రోజులు నీళ్ల సూపు మీద బతికాడు.

ఎల్మోర్ వెదురు బద్దలా దిగాడు.

"వంటవాడివి కదరా, ఇదేం అవతారం?" అన్నాడు ఆర్విల్.

"నేను వండింది ఒక్కసారి తిని చూడు, తెలుస్తుంది."

పాత కొలతలైతే ఆ ప్యాంటులో ఎల్మోర్‌లు ఇద్దరు పట్టేవారు. కొత్త కొలతలు వాడికి అతికినట్టు సరిపోయాయి. ఆర్విల్‌కి మాత్రం బొత్తాం అరంగుళం దూరంలో ఆగిపోయింది.

"కొలతలిచ్చి కుట్టించినట్టుందయ్యా!" అన్నాడు టాలివర్ ఎల్మోర్‌ని చూసి.

కుట్టిన ఆర్విల్ ఇంటికెళ్లి, "అమ్మా, ఆదివారం ఎల్మోర్‌ని భోజనానికి పిలిచా," అన్నాడు.

"ఎన్నాళ్లకిరా, నా బల్ల దగ్గర తినేవాడొకడు!"

"ఇంకో ముక్క వెయ్యమ్మా, మొహమాటపడుతున్నాడు," అంటూ కూర్చునేవాడు ఆర్విల్. నాలుగు ఆదివారాలు గడిచాయి. అయిదో శనివారం స్టేజీ మీద అందరూ గిర్రున తిరిగేచోట ఎల్మోర్ ప్యాంటు వెనక కుట్టు పుటుక్కున తెగింది. ముందు వరస ఆడవాళ్లు పాట కన్నా గట్టిగా నవ్వారు.

సోమవారం టాలివర్ ఆ సూటు పట్టుకుని స్వయంగా లాండ్రీకొచ్చాడు. ఆర్విల్ ఆ రెండంగుళాలూ విప్పుకుని సూటు తొడుక్కున్నాడు.

"కావాలనే మేపావు కదరా?" అన్నాడు ఎల్మోర్.

"అవును."

"రెండో ఆదివారమే కనిపెట్టా. కానీ పళ్లెంలో 'పై' ఇంకా సగం ఉంది, ఎలా లేస్తాను?"

ఆ తర్వాతా ఎల్మోర్ ఒక్క ఆదివారం మానలేదు. వాడు తింటుంటే ఆర్విల్ ఎదురుగా కూర్చుని చూసేవాడు.

1968కల్లా 'డూ'లూ 'వా'లూ పోయి సోల్ అనే కొత్త రకం పాటలొచ్చాయి, వెనక ట్రంపెట్లొచ్చాయి. టాలివర్ కొత్త సూట్లు తెచ్చాడు.

"సాగే బట్ట! ఎవడికైనా పడుతుంది."

ఆర్విల్ మొహం పాలిపోయింది. "ఎవడికైనా అంటే... మరి నా చోటు?"

టాలివర్ వాణ్ని వెర్రివాణ్ని చూసినట్టు చూశాడు. "తొమ్మిదేళ్లుగా ఆ నలుగురూ నీ గొంతు పట్టుకుని పాడుతున్నారు. కొత్తవాడికి నేర్పే ఓపిక నాకెక్కడిదయ్యా? పో, పోయి ఏదైనా తిను."

ఆ ఆదివారం ఆర్విల్ చిలగడదుంప 'పై' పళ్లెం తన వైపు లాక్కున్నాడు.

"ఒరేయ్," ఎల్మోర్ ఫోర్కు అడ్డం పెట్టాడు, "అది నా ముక్క."