పంపే స్పీడు

విజయరాణి మామూలుగా నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. చీర చేతికొస్తే మాత్రం ఆమె మాటకు అడ్డుండేది కాదు.

పదిహేడేళ్ళ కిందట మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి పెళ్ళి చేసుకుని సూరత్ వచ్చింది. పర్వత్ పాటియాలో మూడో అంతస్తు, రెండు గదుల ఇల్లు. భర్త పరమేశ్ లూమ్ కార్ఖానాలో పన్నెండు గంటలు నిలబడి పనిచేసేవాడు. ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు మెరుపు రాళ్ళు అంటించేది. చీరకింత అని పని ఇచ్చే సేటు తన చేతిలో పెట్టింది తీసుకోవడమే తప్ప, ఆ చీర ఎక్కడికి పోతుందో, ఎవరు కడతారో ఆమెకు తెలిసేది కాదు. ఒకరోజు కూతురు మనోజ్ఞ ఫోన్‌లో ఎవరో అమ్మాయి లైవ్ పెట్టి చీరలు అమ్ముతుంటే చూసింది. ఆ అమ్మాయి ఎత్తి చూపిస్తున్న ఆకుపచ్చ చీర మీది రాళ్ళు తను అంటించినవే. చెబుతున్న ధర వినేసరికి జిగురు గిన్నె పక్కకు నెట్టేసింది.

"ఆ పిల్లకు చీర పట్టుకునుడు గూడ అత్తలేదు" అంది కూతురితో. "నేను పెడత లైవు."

పెట్టింది. మార్కెట్‌లో టోకున చీరలు కొనుక్కొచ్చి, మధ్యాహ్నం రెండింటికి, వంటలు ముగించుకుని ఆడవాళ్ళు ఫోన్ పట్టుకునే వేళకు, గోడకు తెల్ల దుప్పటి కట్టి మొదలుపెట్టేది. చీరలో లోపం ఉంటే ముందు అదే చూపించేది. "ఇగో చూడుండ్రి, గీ అంచు కాడ పోగు తెగింది. కుచ్చిళ్ళలకు పోతది, ఎవలకు కనవడది. అయినా నూరు తక్కువ ఇయ్యిండ్రి." ఆ మాటకే జనం నిలిచారు. ఏడాది తిరిగేసరికి రోజూ రెండు వందల మంది దాకా చూసేవారు. కోరుట్లలో ఇంటి దగ్గర చీరలమ్మే వజ్రమ్మ ఒక్కతే నెలకు ముప్పై చీరలు తీసుకునేది.

చిక్కల్లా ఫోన్ సిగ్నల్‌తో వచ్చింది. సరిగ్గా రెండింటికే బొమ్మ ఆగిపోయేది. ఆమె చేయి గాల్లో ఉండగానే నిలిచిపోయి, నిమిషం తర్వాత ఇంకో చీరతో కదిలేది.

"రాణీ, నువ్వు జూపేది నీలమా, నల్లదా? ఆగి ఆగి అత్తే ఎట్ల తెలుస్తది?" అని వజ్రమ్మ ఫోన్ చేసింది. "ఇంట్ల మంచి నెట్ పెట్టిచ్చుకో బిడ్డా. బతుకమ్మ పండుగ అత్తున్నది."

విజయరాణి పదిహేను రోజులు దాని మీదే పడింది. ఆ బిల్డింగ్‌కు అప్పటికే ఒక లైనుంది. అది కేబుల్ టీవీ నడిపే హస్ముఖ్ భాయ్‌ది. నెలకు నాలుగు వందలు, నూరు స్పీడని చెప్పేవాడు. కింది ఇంట్లోవాళ్ళని అడిగితే, సినిమా బాగానే వస్తుంది, సాయంత్రం మాత్రం బొమ్మ ఆగి చక్రం తిరుగుతూ ఉంటుంది అన్నారు. రెండోది డాబా మీద డబ్బా బిగించి టవర్ నుంచి గాల్లో తెచ్చే రకం, ఆరు వందలు. మూడోది పెద్ద కంపెనీ ఫైబర్. ఏడు వందల పైన, పన్ను వేరు, ఆరు నెలలు ముందే కట్టాలి.

ముగ్గురినీ ఒకే ప్రశ్న అడిగింది. "నేను చూసుడు గాదు, చూపిచ్చుడు. నా దిక్కు నుంచి పంపే స్పీడు ఎంత?" మనోజ్ఞ దాన్ని గుజరాతీలో చెప్పేది. హస్ముఖ్ భాయ్ నవ్వి, "అన్‌లిమిటెడ్, బెన్" అన్నాడు, మనం అక్కా అన్నట్టు. డబ్బా అతను చాలాసేపు మాట తిప్పి చివరికి పది అన్నాడు. ఫైబర్ కంపెనీ కుర్రవాడు ఒక్కడే, రావడం ఎంతో పోవడం అంతే అని కాగితం మీద చూపించాడు.

"సెల్లుల నెట్ ఉండంగ గింత పైసలు పోసుడేందే?" అన్నాడు పరమేశ్. కానీ అడ్డుపడలేదు. ఆమె సొంత సంపాదనలోంచే ఆరు నెలలదీ కట్టింది.

వైరు లాగడానికి వచ్చిన మనుషుల్ని గేటు దగ్గరే ఆపేశారు. బిల్డింగ్ వ్యవహారాలు చూసే పెద్దమనిషి, అందరూ ప్రముఖ్ అంటారు, అనుమతి లేదన్నాడు. ఎవరి అనుమతి కావాలని అడిగితే చెప్పలేదు. అతని ఇంట్లో హస్ముఖ్ భాయ్ లైను ఉచితంగా నడుస్తుందని అందరికీ తెలుసు. విజయరాణి నాలుగు రోజులు అతని గుమ్మం తొక్కింది. అయిదో రోజు కంపెనీవాళ్ళే పక్క బిల్డింగ్ డాబా మీంచి వైరు వేలాడదీసి కిటికీలోంచి లోపలికి తెచ్చారు.

పందొమ్మిది రోజులు నడిచింది. ఆ పందొమ్మిది రోజులు ఆమె జీవితంలో మళ్ళీ రాలేదు. జరీ మెరుపు కూడా స్పష్టంగా కనబడుతోందని జనం రాసేవారు. చూసేవారు అయిదు వందలు దాటారు. వజ్రమ్మ బతుకమ్మకు ఎనభై చీరలు చెప్పింది, రంగులు లైవ్‌లో చూసి ఎంచుకుంటానంది.

ఇరవయ్యో రోజు రెండింటికి దుప్పటి కట్టి కూర్చుంటే గదిలోని నెట్ డబ్బా మీద ఎర్ర దీపం వెలిగింది. డాబా ఎక్కి చూస్తే వైరు తెగి వేలాడుతోంది. కోతి కొరికింది కాదు, గాలికి తెగింది కాదు. కత్తిరించిన కొస నున్నగా ఉంది.

కంపెనీకి ఫోన్ చేస్తే నలభై ఎనిమిది గంటలన్నారు. మూడో రోజు ఒకతను ఫోన్ చేసి, పని మొదలుపెట్టాలంటే మీ ఫోన్‌కొచ్చిన ఓటీపీ నంబరు చెప్పాలన్నాడు. చెప్పింది. రెండు నిమిషాల్లో, మీ ఫిర్యాదు పరిష్కారమైంది అని మెసేజ్ వచ్చింది. ఇంటికి ఎవరూ రాలేదు. మళ్ళీ ఫిర్యాదు పెట్టింది. ఈసారి, కస్టమర్ ఇంట్లో లేరు అని మూసేశారు. ఆ రోజంతా ఆమె గుమ్మంలోనే కూర్చుంది, పాల ప్యాకెట్‌కు కూడా కిందికి దిగలేదు.

చివరికి కంపెనీ ఆఫీసుకు వెళ్ళి గొడవపడితే వెంట ఒక మనిషిని పంపారు. అతను డాబా మీద తెగిన కొస చేతిలో పట్టుకుని తల వంచుకున్నాడు.

"బెన్, ఇప్పుడు కడతాను, రేపు మళ్ళీ కోస్తారు. పోయిన నెల ఇంకో చోట మా వాణ్ణి నిచ్చెన మీంచి లాగేశారు. నేనూ ఈ గల్లీల్లోనే తిరగాలి."

"మరి నా ఆరు నెలల పైసలు?"

"అది ఆఫీసువాళ్ళు చూడాలి."

ఆఫీసువాళ్ళు, బిల్డింగ్ అనుమతి తెచ్చుకోవలసింది కస్టమరే అని కాగితంలో అచ్చేసి ఉన్న చోటు చూపించారు.

అప్పటికి పండుగకు ఇంకా తొమ్మిది రోజులే ఉంది. విజయరాణి తనే మెట్లు దిగి, రోడ్డు దాటి హస్ముఖ్ భాయ్ దుకాణానికి వెళ్ళింది. అతను కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. "ముందే నా దగ్గరికి రావలసింది బెన్, మనం పక్కపక్కన ఉండేవాళ్ళం" అన్నాడు. ఆ చాయ్ ఆమె తాగింది. తాగకుండా లేచి రాలేకపోయినందుకు తర్వాత చాలా రోజులు తన మీద తనకే అసహ్యమేసింది.

గంటలో లైను వచ్చింది. మధ్యాహ్నం మనోజ్ఞ కొలిచి చూసింది. వచ్చేది అరవై, పోయేది రెండు. లైవ్ పెడితే బొమ్మ సెల్లు నెట్‌లో కన్నా ఎక్కువ ముక్కలయింది. రెండు రోజులు ఓర్చుకున్న వజ్రమ్మ మూడో రోజు ఫోన్ చేసి, "ఏమనుకోకు రాణీ, పండుగ ఆగది గదా. వేరే కాడ తీసుకున్న" అంది. తెచ్చి పెట్టిన ఎనభై చీరలు మంచం కింద ఉండిపోయాయి.

"నేను ముందుగాలనే అన్న" అన్నాడు పరమేశ్.

"నువ్వన్నది పైసల సంగతి. వైరు కోస్తరని అన్నవా?" అంది ఆమె.

దసరా వెళ్ళాక రింగ్ రోడ్డు మార్కెట్‌లో ఒక సేటు కబురు పెట్టాడు. అతని దుకాణంలో లైవ్‌ల కోసమే ఒక గది, తెల్లని దీపాలు, బొమ్మ ఒక్కసారీ ఆగని లైను ఉన్నాయి. తెలుగులో చెప్పే మనిషి కావాలట. నెల జీతం. షరతులు మూడు: సొంత పేరు చెప్పకూడదు, సొంత నంబరు ఇవ్వకూడదు, లోపాలు చూపించకూడదు.

విజయరాణి చేరింది. బాగా చెబుతుందని సేటు మెచ్చుకుంటాడు. మొదటివారం, ఎవరో నంబరు అడిగితే అలవాటు కొద్దీ తన నంబరులో మొదటి మూడంకెలు పలికి ఆగిపోయింది. కెమెరా వెనక నిలబడ్డ సేటు గోడ మీద అతికించిన, దుకాణం నంబరు రాసిన కాగితం వైపు వేలు చూపించాడు. ఆమె చీరను రెండో భుజం మీదికి మార్చుకుని, ఆ కాగితం మీది అంకెల్ని ఒక్కొక్కటిగా చదివింది.