అవ్వ పన్ను మీద దుక్కి

ఆ రోజుల్లో పట్నంలో కొలువు దొరికినవాడు మా ఊరు మక్తల్‌కు వస్తూ ఏదో ఒకటి తెచ్చేవాడు. నేను మాత్రం ఊరి నుంచి పళ్ళు పట్టుకుపోయేవాణ్ని (సీతాఫలాలు కావు, నోట్లోవి). పరిశోధనశాలలో నా పని చెబితే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. పంటి మీద ప్లాస్టిక్ ద్రవం చుక్క వేసి, ఆరాక ఆ పొరను ఊడదీసి, దానికి కర్బనం పూత పూసి, మినపగింజంత రాగి జల్లెడ మీద పరచాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చూసేది పంటిని కాదు, పంటి అచ్చును. పుచ్చని ముసలి పన్ను ఒకటి కావాలని మా సారు అడిగితే, ఊడిన ముందుపన్నును కొంగున ముడేసుకు తిరిగే మా అవ్వ గుర్తొచ్చింది.

"తీస్కపో బిడ్డా. గని ముక్క తక్కువ గాకుండ తేవాలె. నేను పోయిన్నాడు మన్నుల నాతోనే పోవాలె గది" అని చేతిలో చెయ్యి వేయించుకుంది.

అంత పెద్ద యంత్రం ముందుకు అవ్వ పన్ను మాసిన ముఖంతో వెళ్తుందా! మా ఇంటి పద్ధతిలో ఉప్పూ బొగ్గుపొడీ కలిపి తళతళలాడేలా తోమి, అచ్చు తీశాను. చీకటి గదిలో పచ్చటి తెర మీద ఎటు చూసినా లోతైన చాళ్ళు! సారు తెర మీదికి వంగారు. "ఇలాంటి పన్ను నేనెక్కడా చూడలేదయ్యా! రంపంతో కోసి లోపల కూడా చూద్దాం."

అవ్వకిచ్చిన మాట గుర్తొచ్చి చెయ్యి అడ్డం పెట్టాను. "కొయ్యకుండ్రి సార్! గా దుక్కి నాదే. పొద్దుగాల బొగ్గుతోని జర గట్టిగ తోమిన."

"పంటిని దున్నావా!" అని సారు చాలాసేపు నవ్వి, "నువ్వే బాగుచెయ్. కుదరకపోతే రంపమే" అన్నారు.

మెత్తటి పొడితో గీతలు అరగదీసి, లోపలి అల్లిక తేలేలా పలచటి ఆసిడ్‌లో క్షణం ముంచి, మళ్ళీ పొర వేశాను. మొదటిది చిరిగింది. రెండోది నిలిచింది. తెర వెలిగింది. పంటి పైపొర నిండా వేలవేల సన్నని కడ్డీలు, ఒకదానికొకటి ఆనుకుని, గాలికి ఒకేవైపు ఒరిగిన జొన్నచేనులా! జొన్నరొట్టె నమిలీ నమిలీ ఊడిన పంటిలో ఇంత పొందికగా ఎవరు నాటారు?

పన్నునూ ఫొటోనూ తీసుకెళ్ళి అవ్వకిచ్చాను. ముందు పన్నును వేళ్ళతో తడిమి, ముక్క తగ్గలేదని తేల్చుకున్నాకే ఫొటో చూసింది. "గింత చేను నోట్లె పెట్టుకొని, ఒక్క రొట్టె నమలలేకపోతి గదరా!"

అవ్వ పోయిన నాడు ఆ పన్ను ఆమె కొంగుకే ముడేసి పంపాం. ఇప్పుడు నా పళ్ళూ గ్లాసులోకి చేరాయి. అవి కట్టుడు పళ్ళే, వాటిలో ఏ చేనూ లేదు. అయినా కడిగేటప్పుడు ఆనాటి తోముడు గుర్తొచ్చి, చెయ్యి దానంతటదే మెత్తబడుతుంది.