మోటారు కొట్టానికి మౌలా సాహెబు అడిగిన మేర

మౌలా సాహెబును వెల అడిగితే బుర్ర గోక్కునేవాడు. అరవై ఏళ్లు మీద పడినా "ఇంత ఇయ్యి" అనే మాట అతని నోట వచ్చింది లేదు. అది తెలివి తక్కువతనమని కర్నూలు బజారులో కొందరు నవ్వుకునేవారు. నవ్వేవాళ్లకేం, ఎన్నైనా నవ్వుతారు. అతను పుట్టి పెరిగిన కాలంలో పనికి వెల ఉండేది కాదు, మేర ఉండేది.

అతను కపిల గిలకలు చేసేవాడు. పాతపేటలో తుంగభద్రకు పోయే సందులో అతని కొట్టం. కల్లూరు, పంచలింగాల, జొహరాపురం, ఆ చుట్టుపక్కల బావి ఉన్న ప్రతి రైతూ అతని మనిషే. ఎద్దులు ఏటవాలు బాట దిగుతుంటే మోకు గిలక మీద తిరిగి, తోలు బాన బావిలోంచి నిండుగా లేచేది. గిలక అరిగినా ఇరుసు వంగినా రైతు కబురు చేస్తే చాలు, మౌలా సాహెబు ఉలీ బాడిసా సంచిలో వేసుకుని బయలుదేరేవాడు. ఎన్నిసార్లు పోయినా దుడ్ల మాట లేదు. కళ్లంలో రాశి పడిన రోజున మాత్రం రైతు తన ఇంటికి ఎత్తుకోకముందే మౌలా సాహెబు మేర రెండు తూముల జొన్నలు పక్కన పోసేవాడు. ఏడాది పొడుగునా ఆ గిలక మంచి చెడ్డలు అతనివి, అతని ఇంటి సంగటి ఆ రైతుది.

ఎంత చల్లని ఏర్పాటు అది! తెల్లవారుతుంటే పల్లె చుట్టూ గిలకలు పాడేవి. ఒకటి సన్నగా, ఒకటి బొంగురుగా. ఏ పాట ఎవరి బావిదో బట్టలుతకబోయే ఆడవాళ్లు కూడా చెప్పేవారు. మౌలా సాహెబు దారిన పోతూ ఆగి, చెవి ఒగ్గి, "ఈరప్ప బావి గిలకకు ఆముదం కావాల" అని అటు మళ్లేవాడు. తర్వాత ఆయిలింజన్లు వచ్చాయి. నీళ్లు ఎక్కువే పోస్తాయి, కాదనను. పాడమంటే మాత్రం వాటికి చేత కాదు.

నలభై ఏళ్ల పనిలో అతని చేతి మీద మచ్చ ఒక్కటే పడింది. మహానంది ప్లీడరుకు కల్లూరు దగ్గర పొలం ఉండేది. అక్కడ కపిల తోలేవాడు ఏసేపు. మిషను చర్చి వాడు, నల్లగా నిటారుగా ఉండే మనిషి. ఆ ఏడు కోతల తర్వాత ఆ బావి ఇరుసు చూడవలసిన వారంలో మౌలా సాహెబు కడపకు ఉరుసుకు పోయాడు. తిరిగొచ్చి చూద్దాంలే అనుకున్నాడు. ఎద్దులు బాట దిగేటప్పుడు బరువు కోసం తోలేవాడు మోకు మీద కూర్చుంటాడు. ఏసేపు అలా కూర్చుని పాట ఎత్తుకున్న వేళ ఇరుసు విరిగింది. మనిషి బండల మీద పడ్డాడు. ఎడమకాలు మోకాలి దగ్గర వంకరగా అతుక్కుంది.

మౌలా సాహెబు పోయి మంచం పక్కన తల వంచుకుని నిలబడితే ఏసేపే ఓదార్చాడు. "మోకు మీద కూచున్నోడికి పడేది కూడా వచ్చుండాల సాయిబన్నా. నాకు రాకపాయె" అని నవ్వాడు. తిట్టి ఉంటే మౌలా సాహెబుకు తేలికగా ఉండేది.

కుంటి మనిషి కపిల తోలలేడు. ప్లీడరు అతన్ని కర్నూలు తీసుకొచ్చి గుర్రపు కొట్టంలో పెట్టాడు. కొన్నాళ్లకు గుర్రం పోయి మోటారు కారు వచ్చింది. కొట్టం మోటారు కొట్టమయింది. దాని తలుపు మామూలు తలుపు కాదు, వేలంలో కొన్న పాత కోట తలుపు, ఒకే పలక, పక్కకు నెట్టాలి. వీధి మొగదల ప్లీడరు హారను మోగిస్తే ఏసేపు కుంటుకుంటూ వచ్చి భుజం ఆనించి నెట్టేవాడు. అంతే అతని పని. దానికి రెండు పూటలా సంగటి, కొట్టంలో ఒక మూల నులకమంచం. పెళ్లాం పోయింది, పిల్లలు లేరు, వేరే చోటు లేదు. ఆ తలుపే అతని బతుకు.

చిక్కు ఆదివారంతో వచ్చింది. ఏసేపు ఆదివారం చర్చికి పోతాడు, అక్కడ ప్రార్థన ఎంతసేపు సాగుతుందో దేవుడికే తెలియాలి. ఆ పూట ప్లీడరే తలుపు నెట్టుకోవాలి. ఒక ఆదివారం నెట్టి నెట్టి నడుం పట్టేసింది. మద్రాసులో ఒక పెద్ద బంగళాలో మోటారు కొట్టం తలుపు తాడు లాగితే దానంతటదే లేవడం ఆయన చూసి ఉన్నాడు. నడుముకు తైలం రాయించుకుంటూనే మద్రాసుకు జాబు రాశాడు. అలాంటిది బిగించడానికి సామానుకు, రైలు కూలికి, మనిషి వచ్చి పోయేందుకు కలిపి నాలుగు వందల రూపాయలని జవాబు వచ్చింది. ఆ రోజుల్లో ఆ సొమ్ముతో మంచి ఎద్దులు మూడు జతలు వస్తాయి. ప్లీడరు జాబు మడిచి పెట్టి మౌలా సాహెబుకు కబురు చేశాడు.

మౌలా సాహెబు కొట్టం ముందు నిలబడి గోడ ఎత్తు చూశాడు, తలుపు బరువు చేత్తో కదిపి చూశాడు. "ఇది బాన అనుకుంటే అయిపాయె. పైన రెండు గిలకలు, ఆ పక్క తలుపు కంటే రవ్వంత బరువుండే నాపరాయి. గడియ తీస్తే రాయి దిగుతాది, తలుపు లేస్తాది. దించేటప్పుడు ఒంటి చేత్తో గుంజితే చాలు. గడియకు తాడు కట్టి వాకిలి గుంజ దాకా తెస్తా. మోటారులో కూచునే లాగొచ్చు సామీ."

"ఎంతవుతాదప్పా?"

మౌలా సాహెబు బుర్ర గోక్కున్నాడు. "ఏటా రెండు తూముల జొన్నలు."

ప్లీడరు పడీ పడీ నవ్వాడు. "నేనేం కళ్లం చేస్తాండానా ఈడ? ఒక్క మాట చెప్పు. దుడ్లు పారేస్తా, నీకు నాకు తీరిపోతాది."

తీరిపోవడమేమిటో మౌలా సాహెబుకు అర్థం కాలేదు. తన గిలక తిరిగినన్నాళ్లు తీరిపోయేదెట్లా? అయినా ఇంజన్లు వచ్చాక మేరలు సగానికి పడిపోయాయి, ఇంట్లో పెళ్లాం మాబీ జొన్నల కుండ అడుగు గీకుతోంది. "వెల తర్వాత చెప్తా సామీ" అని పని మొదలుపెట్టాడు.

ఇరవై దినాలు పట్టింది. గిలకలు తుమ్మమానువి. ఏసేపు కుంటుతూనే పలకలు పట్టాడు, ఆముదం పోశాడు, బాన లేచేటప్పటి పాటలన్నీ పాడాడు. ఇద్దరికీ కల్లూరు బావి దగ్గరే ఉన్నట్టుండేది. చివరి రోజు ప్లీడరు వాకిట్లో మోటారులో కూర్చునే తాడు లాగాడు. గిలకలు సన్నగా పాడాయి. కోట తలుపు గాలిపటం మాదిరి పైకి లేచింది. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టినవాడు ఏసేపే.

ప్లీడరు మౌలా సాహెబును పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు. "శానా బాగుండాది. ఇంగ ఏసేపుతో పని లేదు. నెలాఖరుకు వాని ఊరికి పంపిస్తా. పాపం, చెప్పాలంటే నోరు రావడం లేదు."

మౌలా సాహెబు ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. మాబీ గదమాయించి అడిగితే చెప్పాడు. "ఒక గిలకతో వాని కాలు తీస్తి. రెండు గిలకలతో వాని కూడు తీస్తాండా." మాబీ ఆ అన్నం మీద మూత పెట్టింది. 

నాలుగో రోజు మధ్యాహ్నం వాన పడింది. వాన పడుతుండగా ప్లీడరు ఇంట్లో వింత జరిగింది. ఎవరూ తాడు ముట్టుకోలేదు, తలుపు దానంతటదే లేచింది. వీధిలో తడుస్తున్న చాకలి గాడిదలు రెండు ఇదేదో తమ కోసమే తెరిచారనుకుని లోపలికి పోయాయి. ప్లీడరు వచ్చి చూసేసరికి ఒకటి మోటారు సీటు తోలు నమిలి రుచి చూస్తోంది.

తప్పు ఎక్కడుందో మౌలా సాహెబుకు చూడగానే తెలిసింది, సిగ్గుతో చచ్చిపోయాడు. గడియకు కట్టింది జనపతాడు. ఎండినది తడిస్తే బిగుసుకుని కురచవుతుంది, గడియను తానే లాగేస్తుంది. పసిపిల్లలకు కూడా తెలిసే సంగతి. కాని అతని తాళ్లన్నీ పుట్టినప్పటి నుంచి బావిలోనే ఉండేవి, ఎప్పుడూ తడే. ఎండుతాడు తడిస్తే ఏమవుతుందో ఆలోచించే అవసరం నలభై ఏళ్లలో అతనికి రాలేదు.

"రేపు సరి చేస్తా సామీ" అని నేరుగా బజారుకు పోయాడు. తాడు బదులు సన్నని ఇనప గొలుసు వేస్తే వానకూ ఎండకూ ఒకటే. ఇంట్లో ఉన్న దుడ్లన్నీ పెట్టి ముప్పై మూరల గొలుసు కొన్నాడు. మర్నాడు పొద్దున సంచిలో వేసుకుని ప్లీడరు ఇంటికి వచ్చాడు.

ప్రహరీ దగ్గరికి వచ్చేసరికి లోపల ఏసేపు గొంతు వినిపించింది. మబ్బు మళ్లీ పట్టింది. ఏసేపు గుంజ దగ్గర నిలబడి తాడు ముడి సడలిస్తున్నాడు. మౌలా సాహెబును చూసి అతని ముఖం విచ్చుకుంది. "సాయిబన్నా, మబ్బు పడితే సడలించాల, ఎండ కాస్తే బిగించాల. అంతే! రేతిరంతా ఆలోచన చేసి కనుక్కుంటి. ఇంగ నేను లేకుంటే ఈ తలుపు ఎవురి మాటా వినదు."

మౌలా సాహెబు సంచిని గోడ బయట మెల్లగా దించాడు. గొలుసు గలగలమంది. ఏసేపు వినలేదు. మౌలా సాహెబు వట్టి చేతులతో లోపలికి పోయాడు.

ప్లీడరు వచ్చి అడిగాడు. "ఏమప్పా, దీనికి మందేమన్నా ఉండాదా?"

పని విషయంలో మౌలా సాహెబు ఎన్నడూ అబద్ధం ఆడలేదు. చెడిన ఇరుసును చెడిందనీ, తన తప్పును తన తప్పనీ చెప్పేవాడు. మేర తినేవాడికి అదొక్కటే మర్యాద. సంచి దించిన గోడ వైపు ఒకసారి చూశాడు.

"లేదు సామీ. మనిషి ఉండాల. మబ్బును చూసి సడలించే మనిషి."

"కర్నూలులో ఏడాదికి వాన ఎన్ని దినాలు పడతాదయ్యా? ఆ ఇరవై దినాలకు ఏడాదంతా మనిషిని మేపాల్నా?"

"ఆ ఇరవై దినాలు ఏవేవో ముందు చెప్పి రావు కదా సామీ. అందుకే ఏడాదంతా ఉండాల."

కోర్టులో ఎంతమంది నోళ్లో మూయించిన ప్లీడరు ఆ మాటకు నోరు మూసుకున్నాడు. కాసేపటికి నవ్వొచ్చింది. "మరి నీ వెల?"

"అదే నా వెల. నాకు మీరిచ్చే మేర వానికియ్యండి. ఈ తలుపు లేచినన్నాళ్లు వాని సంగటి మీది. మానుకూ ఇనుముకూ అయ్యింది మాత్రం నాకియ్యండి, చాలు."

ఏసేపు పదకొండేళ్లు అలా ఆకాశం చూస్తూ బతికాడు. మన సీమలో వాన కోసం అందరూ ఊరికే ఎదురు చూస్తారు, అతను కూలికి ఎదురు చూశాడు. ఒక్క మబ్బు తునక కనిపించినా గుంజ దగ్గరికి పరుగు లాంటి నడక నడిచేవాడు. ఏటా ఉగాది పోయాక మౌలా సాహెబు ఆముదం చెంబుతో వచ్చి గిలకలకు పోసేవాడు. ఇద్దరూ నులకమంచం మీద కూర్చుని ఇప్పుడు లేని బావుల గిలకలను ఒక్కొక్కటీ గొంతుతో పాడి చూపించుకునేవారు. ప్లీడరు కిటికీలోంచి విని మురిసిపోయేవాడు. ఇంటికి పోయాక మౌలా సాహెబు దూలానికి వేలాడే సంచి దించి అందులోని గొలుసుకు కూడా ఆముదం రాసి మళ్లీ కట్టేవాడు. 

పెద్ద యుద్ధం ముగిసిన ఏడు ఎండాకాలంలో ఏసేపు ఆ మంచం మీదే నిద్రలో పోయాడు. చర్చి వెనక నేలలో పెట్టి వచ్చిన మూడో రోజు మౌలా సాహెబు సంచి భుజాన వేసుకుని వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, రొప్పుతూనే జనపతాడు విప్పి చుట్ట చుట్టి మంచం మీద పెట్టాడు. గుంజ నుంచి గడియ దాకా గొలుసు కట్టాడు.

జుట్టంతా నెరిసిన ప్లీడరు బయటికి వచ్చి గొలుసును వేళ్ల మధ్య నలిపి చూశాడు. నూనె అంటింది. "ఇది కొత్తది కాదే?"

"కాదు సామీ. కొని పదకొండేండ్లయ్యింది. గాడిదలు దూరిన మర్నాడు ఈ గోడ బయటే ఉండినాది."

తిడతాడనుకుని తల వంచుకున్నాడు. ప్లీడరు గొలుసు లాగాడు. గిలకలు పాడాయి, తలుపు లేచింది. లోపల మూలన నులకమంచం, దాని మీద చుట్ట చుట్టిన తాడు కనిపించాయి.  ఇక మబ్బు పట్టినా ఆ వాకిట్లో ఎవరికీ పని లేదు.

"మౌలా," అన్నాడు ప్లీడరు.  "తలుపు ఇంకా లేస్తాండాది. ఈ ఏటి మేర ఎవురికియ్యాలప్పా?"

మౌలా సాహెబు ఎప్పటిలాగే బుర్ర గోక్కున్నాడు.  పోయి ఆ మంచం మీద కూర్చుని, తాడు ఒళ్లోకి తీసుకుని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.